జీపు ఎత్తిన అంద్రెయ కాక

మా ఎదురింటి అంద్రెయ కాక ఎవరింటికి వెళ్లినా ముందు మనుషులను చూడడు, పైకప్పును చూస్తాడు. గోదావరిఖని బొగ్గుబావిలో టింబర్‌మన్‌గా పనిచేసి రిటైరయిన మనిషి. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. చేతికర్రతో కప్పును కొట్టి చూసేవాడు. చప్పుడు గట్టిగా వస్తే సరే, డొల్లగా మోగిందా, ఎంత పెద్ద ఆఫీసరునైనా అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. డ్యూటీ అయిపోయింది కానీ కర్ర మాత్రం పోలేదు. మా గృహప్రవేశం నాడు పీటల మీద కూర్చున్న నన్ను పలకరించకుండానే స్టూలెక్కి, హాలు కప్పును టకటకా కొట్టి, "మంచిగనే ఉన్నది సారూ, ఫికర్ లేకుంట పండుకోండ్రి" అన్నాడు. గుడివాడ నుంచి వచ్చిన మా చుట్టాలు నోళ్లు తెరిచారు. నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రి నిద్ర మాత్రం హాయిగా పట్టింది.

కాకకు ఒక పాత జీపుంది. భార్య సువార్తమ్మకు ఎండ తగలొద్దని దానికి ఇనుప రేకుతో టాపు వెల్డింగ్ చేయించాడు. జీపు కోసమే ఇంటి ముందు పోర్టికో కట్టించాడు. పైన స్లాబు, దాని మీద నీళ్ల ట్యాంకు. లోపలికి ఎండ చొరబడొద్దని ముందు దూలాన్ని బాగా కిందికి దింపించాడు. జీపు లోపలికి వెళ్తుంటే టాపుకూ దూలానికీ మధ్య ఒక చెయ్యి దూరేది, అంతే.

సువార్తమ్మకు ఒక్కతే అక్క, సారవ్వ. గోదావరి ఒడ్డు పల్లెలో కొడుకు దగ్గర ఉంటుంది. చిన్నప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ ఇక్కడి చర్చిలో పక్కపక్కన నిలబడి పాటలెత్తుకునేవాళ్లు. తుంటి విరిగి, మళ్లీ లేచి నాలుగడుగులు వెయ్యగలిగినప్పటి నుంచి సారవ్వది ఒకటే కోరిక. చెల్లె పక్కన నిలబడి ఇంకొక్కసారి ఆ చర్చిలో పాడాలి.

ఆ ఊరి బాటకు ఆటోవాళ్లు రామంటారు. ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గోతులు పడి, నడుమ మట్టి గట్టులా మిగిలింది. పోయిన నెల ఆమెను తీసుకురాబోతే కాక జీపు ఆ గట్టు మీద పొట్ట ఆనించి కూర్చుంది. చక్రాలు ఊరికే తిరిగాయి. చివరికి ట్రాక్టరుతో వెనక్కి లాగించుకుని రావలసివచ్చింది. అవతల సారవ్వ తెల్లచీర కట్టుకుని సాయంత్రం దాకా గడపలోనే కూర్చుందట. ఆ కబురు విని సువార్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాక ఆ పూట అన్నం ముట్టలేదు. కొండంత బరువును నెత్తిమీద ఆపినవాణ్ని జానెడు మట్టి ఓడించింది మరి.

మెకానిక్ బుచ్చన్న ఉపాయం చెప్పాడు. "జీపు ఎత్తు పెంచుదాం కాకా. చక్రాల మీది కమాన్లకు ఇంకో పట్టీ ఏస్త, టైర్లు పెద్దయి పెడ్త. గట్టుగిట్టు ఏదీ తాకది."

"చెయ్యి. కని నీ జాకీని నేను నమ్మ. కింద చెక్కదిమ్మెలు నేనే పెడ్త. ఇంటికాడనే చెయ్యాలె" అన్నాడు కాక.

శనివారమంతా పోర్టికోలో పని. కాక బావిలో పేర్చినట్టే దిమ్మెలు పేర్చి, వాటి మీద జీపును నిలబెట్టి, కింద వెల్లకిలా పడుకున్నాడు. కర్రతో జీపు పొట్టను కొట్టి చూసి, బుచ్చన్నను అప్పుడు రానిచ్చాడు. ఆ రోజంతా ఆయనకు కప్పు అంటే జీపు పొట్టే. దాని పైన ఇంకో కప్పు ఉందన్న సంగతి ఆయనకు తట్టలేదు. నేనూ పొద్దస్తమానం అక్కడే ఉన్నాను, చాయ్ తాగాను, అడగని సలహాలిచ్చాను. నాకూ తట్టలేదు. అయితే కప్పులు చూడటం నా ఉద్యోగం కాదు కదా!

ఆదివారం పొద్దున సువార్తమ్మ పట్టుచీరలో, కాక తెల్ల ప్యాంటులో జీపెక్కారు. జీపు ఠీవిగా కదిలింది. ధడేల్!

టాపు పోయి దూలానికి కొట్టుకుంది. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. కాక దిగి, దూలాన్ని చూసి, జీపును చూసి, చేతిలోని కర్రను చూసుకున్నాడు.

"అందరి కప్పులు సూస్తివి, మనింటిది సూడకపోతివి" అంది సువార్తమ్మ.

"నేను కట్టిచ్చిన కప్పు గదనే, దాన్నేం సూసేది" అన్నాడు కాక నీరసంగా.

పట్టీ మళ్లీ విప్పాలంటే పూటంతా పడుతుందన్నాడు బుచ్చన్న. టైర్ల గాలి తీస్తే తిరిగి కొట్టే దుకాణం ఆదివారం బంద్. దూలం పగలగొడదామంటే పైన ట్యాంకు. ఎవరికి తోచింది వాళ్లు అంటూ నవ్వుతున్నారు. సువార్తమ్మ మాత్రం నవ్వలేదు.

"మా అక్క మళ్ల గడపల కూసుంటదయ్యా" అంది. ఆమే మళ్లీ అంది: "బియ్యం బస్తాలేస్తె జీపు కుంగుతది గద? మనుషులెక్కితె కుంగదా?"

మాకెవరికీ రాని ఆలోచన! అందరి చూపులూ ముందు నా మీదే పడ్డాయి. నా ఒంటి గురించి ఇంట్లో మూడుపూటలా ఉపన్యాసం వింటుంటాను. ఆ ఉపన్యాసాలు ఇచ్చే మా ఆవిడ అరుణకుమారే ఆ రోజు, "ఎక్కండి, ఎక్కండి, మీరు ముందెక్కండి" అని నన్ను తోసింది. నా బరువు ఒకరికి పనికొచ్చింది, దేవుడికి దణ్ణం. నా వెనక వీధంతా ఎక్కింది. జీపు మూలుగుతూ కుంగింది. కాక దూలం కింద నిలబడి, సందులో కర్ర పెట్టి చూస్తూ, "నిమ్మలంగ... నిమ్మలంగ..." అంటుంటే బుచ్చన్న బండిని బయటికి దాటించాడు. జనం చప్పట్లు కొట్టారు.

దిగమంటే నేను దిగలేదు. ఆ గట్టు సంగతి కళ్లారా చూడాలనిపించింది. తీరా అక్కడికి చేరాక కాక బండి ఆపి, "సారూ, ఇక్కడ నీ బరువు అక్కెర లేదు, దిగు" అన్నాడు. నా వైభోగం అంతటితో సరి. నేను మట్టిలో నడిచాను. జీపు మాత్రం పొట్టకు మన్నంటకుండా గట్టు దాటింది.

సారవ్వ గడపలోనే ఉంది, అదే తెల్లచీరలో. జీపు దగ్గరికి తీసుకొస్తే కాలు ఎత్తలేకపోయింది. చెక్కదిమ్మెలేమో పోర్టికోలోనే ఉండిపోయాయి. కాక అటూ ఇటూ చూశాడు. తర్వాత తెల్ల ప్యాంటుతోనే మట్టిలో మోకాళ్లూ చేతులూ ఆనించి వంగాడు.

"ఎక్కు వదినా."

సారవ్వ తన ఊతకర్రతో ఆయన వీపు మీద టకటకా కొట్టింది.

"ఏంది వదినా?"

"గట్టిగున్నదా లేదా కొట్టి సూసుకోవద్దా మర్దీ? నువ్వు నేర్పినదే."

కొడుకూ చెల్లెలూ చెరో రెక్క పట్టుకోగా, ఆ వీపు మీద అడుగేసి జీపెక్కింది.

మేం చర్చికి చేరేసరికి ఆఖరి పాటే మిగిలింది. సారవ్వ ఎత్తుకుంది, సువార్తమ్మ అందుకుంది. ఇద్దరి గొంతులూ వణికాయి, కానీ ఆగలేదు. కాక వెనక గోడ దగ్గర, మట్టి దులుపుకోకుండా, తలెత్తి నిలబడ్డాడు. చర్చి కప్పును చూస్తున్నాడనుకుని జనం ముసిముసిగా నవ్వుకున్నారు. పక్కనే ఉన్న నాకు తెలుసు, కళ్లలో నీళ్లు కిందికి జారకుండా పైకి చూస్తున్నాడు.