ఊ కొట్టే నిద్ర

త్రినాధరావు గారికి ఒక్కటే అలవాటు. ఎదుటివాళ్లు నోరు తెరిస్తే ఆయన కళ్లు మూతపడతాయి. నిద్రలోనే ఊ కొడతారు. పెళ్లిచూపుల్లో పిల్ల తరఫువాళ్లు మాట్లాడుతుంటే కునుకు తీశారనీ, సరిగ్గా "పిల్ల నచ్చిందా" అన్నచోట "ఊ" అన్నారనీ అనకాపల్లిలో చెప్పుకుంటారు.

అలాంటాయన వృత్తి జనం బాధలు వినడం. బెల్లం మార్కెట్టు వెనక మేడమీద ఆయన కౌన్సెలింగ్ కేంద్రం. కిటికీ తెరిస్తే బెల్లం వాసన మెత్తగా వచ్చి గదంతా పరుచుకుంటుంది. ఆ మత్తులో ఫ్యాను కూడా జోగుతూనే తిరుగుతుంది.

తుమ్మపాల నుంచి వచ్చే లావణ్యకి ఈయన సూపర్‌వైజరు. ఆమెది కౌన్సెలింగులో ఎమ్మెస్సీ ఆఖరి ఏడాది. పుస్తకాలు బట్టీపడితే చాలదు, నిజమైన మనుషుల ఎదుట కూర్చుని శిక్షణ పూర్తిచెయ్యాలి. చివరి సెషన్ చూసి ఆయన సరేనంటేనే పట్టా. చూడాలంటే కళ్లు తెరవాలి గదా! అదీ లావణ్య దిగులు.

ఒకరోజు పరీక్షించింది.

"సార్, బయట ఏనుగొచ్చింది."

"ఊ."

"మీ స్కూటరెక్కి తుమ్మపాల వెళిపోతోంది."

"ఊ."

వేరే సూపర్‌వైజరు కోసం ఎంత వెతికినా దొరకలేదు. బెల్లం బరువు తూయడానికి ఊరినిండా కాటాలు. గుండె బరువు దించుకుందామంటే ఎక్కడుంది గది? కూలి మనిషి దిగులు పడితే ఓ మాత్ర చేతిలోపెట్టి పంపేయడమేనా వైద్యం? వినడానికంటూ కూర్చున్నవాడు ఈయనొక్కడు. ఆయనకేమో నిద్ర.

చివరి సెషన్‌కి వచ్చింది తలుపులమ్మ. రాజయ్యపేటలో చేపలమ్ముకునే మనిషి. గుండె దడని ఆసుపత్రికెళితే, గుండెకేం లేదు, ఇక్కడికెళ్లమన్నారు. ఇంతకుముందు వచ్చినప్పుడల్లా నోరు విప్పకుండానే వెళ్లిపోయింది.

లావణ్య పుస్తకంలో చెప్పినట్టే ముందుకు వంగింది. కళ్లు పెద్దవి చేసింది. పెన్ను పట్టింది.

"మీకు లోపల ఎలా అనిపిస్తోందండీ?"

"లోపలేటి, బయటేటి. ఉక్కగుంది."

"ఉక్కగా ఉన్నప్పుడు ఎలా అనిపిస్తోంది?"

"సెమటడతంది."

మూలన త్రినాధరావు గారు సన్నగా గురక అందుకున్నారు. పట్టా పోయిందనుకుంది లావణ్య. తలుపులమ్మ మాత్రం కిసుక్కున నవ్వి, కుర్చీ ఆయనవైపు తిప్పుకుంది.

"ఈ బాబు నిదరోయేడు. ఈ బాబుకి సెప్తాను."

"ఊ," అంది నిద్ర.

"మా కొడుకు కొర్లయ్య పడవ తిరగబడ్డాది. ఆడు ఈదుకొచ్చీసేడు. మల్లీ సేపల యేటకెల్తన్నాడు. ఆడికి బయం నేదు."

"ఊ."

"బయం నాకు. కలలో సముద్రం నెమ్మదిగా వీదిలోకొత్తంది. గుమ్మం దాటుతాది. పొయ్యికాడ కూకుంటాది, సుట్టంనాగ. అన్నం పెట్టమని నా మొగం సూత్తాది."

ఈసారి ఊ రాలేదు. గురకా ఆగిపోయింది. ఊ ఆగితే కథ ఆగుతుంది కదా. తలుపులమ్మ కూడా ఆగింది. గదిలో బెల్లం వాసన ఒక్కటే మెదులుతోంది. 'ఆ సముద్రం మీకు దేనికి సంకేతం' అని అడగబోయింది లావణ్య. అడగలేదు. పెన్ను కింద పెట్టింది. ఎందుకో తనకే తెలియకుండా తనూ కళ్లు మూసుకుంది.

"ఊ," అంది.

తలుపులమ్మ ఇటు తిరక్కుండానే అందుకుంది. "సముద్రమంటే బయమని మావూల్లో సెప్తే నవ్వుతారమ్మా. మా తాతలకాడ్నించీ దాని ఉప్పే తిన్నాం..."

"ఊ."

అలా ఎంతసేపు చెప్పిందో. చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"మల్లీ మంగలారం వత్తాను. బాబూ, ఇంక కల్లు తెరవొచ్చు. అయిపోనాది."

లావణ్య ఉలిక్కిపడింది. "అయితే ఆయన నిద్రపోలేదా?"

"నిదరోయినోడు అంత సక్కగా ఊ కొడతాడేటమ్మా? మొగంమీద మొగం ఎట్టి సూత్తే మాట రాదు. నాను సిగ్గుపడకుండా ఆ బాబే కల్లు మూసేడు." గంప నెత్తికెత్తుకుని మెట్లు దిగిపోయింది.

లావణ్య మెల్లగా మూలకి తిరిగింది.

"సార్, నేను పాసేనా?"

"ఊ."

ఆమె బ్యాగు సర్దుకుని గుమ్మం దాకా వెళ్లింది. వెనక నుంచి, కళ్లు తెరవకుండానే, ఆయన అడిగారు:

"ఇంతకీ తల్లీ, ఆ ఏనుగు నా స్కూటర్లో పెట్రోలు కొట్టించిందా?"