సుగుణ ముడి ఊడలేదు

ఇది రాయకుండానే చచ్చిపోవచ్చు. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. లోపల ఒక బరువుంది. పుస్తకాల్లో దాన్ని గుండెల మీద బండ అని రాస్తారు. బండైతే ఎప్పుడూ ఒకే బరువుంటుంది. నాది తడిసిన గుడ్డల మూట. మోసే కొద్దీ నీరు పట్టి బరువెక్కింది.

ఎందుకు రాస్తున్నానో ముందే చెప్పాలి. ఈ మధ్య ఒక షూటింగ్‌కు వ్యాన్ తీసుకుని ఫిల్మ్ నగర్ వెళ్లాను. గ్రూప్ డాన్సర్లు డ్రెస్సులు మార్చుకునే గది బయట నిలబడ్డాను. లోపల ఒక పెద్దామె కొత్తగా పనిలో చేరిన అమ్మాయికి చెబుతోంది. "జర చూసి కట్టు పిల్లా. సుగుణమ్మ లెక్క కట్టకు, పానాలు పోతయ్." నలుగురూ నవ్వారు. కొత్త అమ్మాయి కూడా నవ్వింది. సుగుణమ్మ ఎవరో ఆ పిల్లకు తెలియదు.

సుగుణ నా భార్య. ఇప్పుడు లేదు. ఆ మాట పుట్టించింది నేను. అది ఎన్ని నోళ్లలో తిరుగుతోందో తెలియదు కాబట్టి నోటితో వెనక్కి తీసుకోలేను. అందుకని కాగితం మీద పెడుతున్నాను. చదివే మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. ఈ ఏర్పాటు లేకపోతే నాకు చెయ్యి కదలదు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకు. మిగతాదంతా గ్రంథాలయంలో చదివాను. షూటింగ్‌లో డ్రైవరుకు పని పొద్దున కొంత, సాయంత్రం కొంత. మధ్యలో అందరూ పేకాడేవారు, నేను స్టీరింగు మీద పుస్తకం పెట్టుకునేవాణ్ణి. నక్షత్రాలు, ఓడలు, వైద్యం, దేశాలు, ఏది దొరికితే అది. యూనిట్లో నా పేరు పోయి లైబ్రరీ అయింది. "ఏం లైబ్రరీ, ఇయాల వాన పడ్తదా?" అని అడిగేవాళ్లు. వెక్కిరింపేనని తెలుసు. అయినా లోపల పొంగిపోయేవాణ్ణి. ఇంత చదివినవాడు ఈ వ్యాన్ల వరసలో ఇంకొకడు లేడనుకునేవాణ్ణి.

ఎనభైలలో సినిమా పని మద్రాసు నుంచి ఇటు వచ్చేస్తున్న రోజులవి. జూబ్లీహిల్స్‌లో బండరాళ్లు పగలగొట్టి రోడ్లు వేస్తున్నారు. మేం కృష్ణానగర్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. నేను డ్రెస్సుల వ్యాన్ నడిపేవాణ్ణి. సుగుణ అదే వ్యాన్లో డాన్సు అమ్మాయిలకు జాకెట్ల తాళ్లు కట్టేది, హుక్కులు కుట్టేది. పాట మధ్యలో తాడు జారితే షాటంతా పాడైపోతుంది. సుగుణ కట్టిందంటే ప్యాకప్ దాకా ఎవరూ వీపు తడుముకునేవాళ్లు కాదు. విప్పడానికి కూడా మళ్లీ ఆమే రావాలి. పని లేని వారాల్లో కూడా డాన్సు మాస్టర్లు ఆమె కోసం కబురు పెట్టేవారు. నాకోసం ఎవరూ పెట్టేవారు కాదు. ఇది కూడా రాయాలి. రాయకపోతే తరవాతి సంగతి సగమే అవుతుంది.

మా వీధిలో ఒక పద్ధతుండేది. సెట్టు విప్పగానే పనికొచ్చేవి ఇళ్లకు చేరేవి. మా గది తలుపు ఏదో జమీందారు బంగళాది, బయటివైపే రంగు, లోపల ఉత్త చెక్క. మా పిల్లలు రాజకుమారుల కోట్లు తొడుక్కుని గోళీలాడారు. ఏది నిజమైనదో ఏది కెమెరాకు మాత్రమే చేసిందో మేం పెద్దగా పట్టించుకునేవాళ్లం కాదు. కూర్చున్నప్పుడు విరక్కుండా ఆగితే అది కుర్చీయే.

నా వ్యాన్ కూడా అలాగే తయారైంది. విదేశాల్లో కుటుంబాలు పిల్లల్ని వ్యాన్లో వేసుకుని ఊళ్లు తిరుగుతాయనీ, గుడారం వేసుకుని నీళ్ల పక్కన ఉంటాయనీ ఒక పుస్తకంలో చదివాను. బొమ్మలున్నాయి. ఆ బొమ్మలు సుగుణకు చూపించాను. "మనకేం తక్కువ, బండి మన చేతిలనే ఉన్నది" అంది. షూటింగ్ లేని రోజుల్లో వ్యాను వాడుకోవడానికి ఓనరు ఒప్పుకున్నాడు. ప్లైవుడ్ మంచం బిగించాను. రాణివాసం సెట్టులోని పరదాలు కిటికీలకు కట్టింది సుగుణ. పక్కన టార్పాలిన్ లాగి రెండు గడలకు కడితే అదే గుడారం. కిరసనాయిలు స్టౌ, గుడ్లు, జొన్న రొట్టెలు, ఉల్లిగడ్డలు, నా పుస్తకాలు. కూతురు కవితకు ఏడేళ్లు, కొడుకు శీనుకు నాలుగు. అనంతగిరి కొండల్లో ఉన్నాం. మెదక్ వైపు వెళ్లాం. శీను వ్యాను ఆగగానే చక్రాలకు నీళ్లు తాపించాలని చెంబు పట్టుకుని తిరిగేవాడు. వాడికి బండి కూడా ఒక గొడ్డే. అంత సుఖంగా మేం ఎప్పుడూ లేం. అది నిజంగా ఉన్నదేనా, నేను తరవాత కల్పించుకున్నానా? కవిత ఉన్నదే అంటుంది.

ఇప్పుడు ఒక ఈత జాకెట్ గురించి చెప్పాలి.

పడవ మీద ఒక పాట తీశారు. నిజమైన ఈత జాకెట్లు హీరోకూ హీరోయిన్‌కూ మాత్రమే వచ్చాయి. పక్కనున్నవాళ్లకు సెట్టు సామాన్లు చూసే ప్రాపర్టీ యాదగిరి నారింజరంగు గుడ్డతో కుట్టించాడు. అందులో ఒకటి చిన్నపిల్లాడి కొలత. ప్యాకప్ అయ్యాక అవి నా వ్యాన్‌లోనే వచ్చాయి. చిన్నది నేను ఉంచుకుంటానన్నాను. యాదగిరి అన్న నాకంటే పెద్దవాడు, బీడీ ముట్టించుకుంటూ అన్నాడు, అది కెమెరాకేగానీ నీళ్లకు కాదని. ఈత జాకెట్లలో బూరుగు దూది నింపుతారని, అది నీరు పట్టదని, అందుకే తేలుతుందని నేను ఆయనకు పాఠం చెప్పాను. ఆయన నవ్వాడు. బూరుగు దూది తాను ఎక్కణ్ణుంచి తెస్తానని, అందులో కుక్కింది టైలర్ పారేసిన పీలికలని చెప్పాడు.

కాబట్టి నాకు తెలుసు. ఇది మీరు గుర్తుంచుకోండి. తెలియక చేశానని నేను చెప్పుకోలేను.

అయితే ఎందుకు వాడాను? ఇంటికొచ్చి నీళ్ల డ్రమ్ములో వేశాను. తేలింది. చేత్తో ముంచితే మళ్లీ పైకొచ్చింది. చూడగానే నాకు గర్వం ముంచుకొచ్చింది. యాదగిరికి కుట్టడమే తెలుసు, నాకు పరీక్షించడం తెలుసు అనుకున్నాను. పీలికల మధ్య గాలి ఉన్నంతసేపే తేలుతుందని, గాలి పోయి నీరు చేరితే అదే బరువవుతుందని ఎందుకు తట్టలేదు? ఇంకొంచెంసేపు చూసి ఉంటే తట్టేది. చూడలేదు. నేను కోరుకున్న జవాబు వచ్చాక చూడడం మానేశాను. సుగుణతో మాత్రం, ఇది అసలుదే, నేను పరీక్షించాను అని చెప్పాను. ఆమె నా చదువును నమ్మింది.

ఆ వేసవిలో ఒక జలాశయం ఒడ్డున ఆగాం. దాని పేరు రాయను. మధ్యాహ్నం. శీను నీళ్లలో ఆడతానని గొడవ చేశాడు. సుగుణ వాడికి జాకెట్ తొడిగి వీపు మీద తాళ్లు కట్టింది. తానూ పక్కనే ఉంటానంది. అక్కర్లేదు, ఇది వేసుకున్నవాళ్లను సముద్రంలో వదిలినా ఏం కాదు, నేను చూస్తుంటాను, నువ్వు వంట చూసుకో అన్నాను. ఆమె స్టౌ దగ్గరికి వెళ్లింది. నేను టార్పాలిన్ నీడలో కూర్చున్నాను. చేతిలో పుస్తకం ఉంది. అవును, చదువుతున్నాను.

జాకెట్ మొదట వాణ్ణి తేల్చింది. అదే నాశనం. తేల్చకపోతే వాడు మోకాలి లోతులోనే కూర్చుని ఆడుకునేవాడు. తేల్చి, లోతు దాకా తీసుకుపోయి, అక్కడ తడిసింది. తమ్ముడు కనబడతలేడని కవిత వచ్చి నా భుజం కుదిపింది.

దూకాను. తెచ్చాను. వ్యాన్ చక్రాలు ఒడ్డు బురదలో దిగబడి ఉన్నాయి, అందుకని సుగుణ కవితను లాక్కుని, ఎవరైనా లారీ ఆపుతారేమోనని రోడ్డు వైపు పరిగెత్తింది. వాణ్ణి బోర్లా వేసి నీళ్లు కక్కించాలని నేను చదివి ఉన్నాను. జాకెట్ అడ్డం. తడిసి రాయిలా ఉంది. ముడి విప్పబోయాను. రాలేదు. గోళ్లతో లాగాను, పళ్లతో కొరికాను. రాలేదు. వంట కత్తి తెచ్చి తాళ్లు కోశాను. వాడి వీపు మీద ముడి అలాగే ఉంది, ఆమె ఎలా కట్టిందో అలాగే.

శీను ఊపిరి తీసుకోలేదు.

ఆ తరవాత నేను చేసిన పని ఏ మత్తులోనూ చేయలేదు. రోడ్డు వైపు చూశాను. ఎవరూ ఇంకా రాలేదు. జాకెట్‌ను ముడితో సహా నీళ్లలోకి విసిరాను. తేలలేదు. నేరుగా మునిగిపోయింది.

సుగుణ ఇద్దరు మనుషులతో వచ్చింది. వాడి ఒట్టి వీపు చూసింది.

"జాకెట్ ఏదయ్యా?"

"ఊడిపోయింది."

"ఊడుడేంది? నేను గట్టిగనే కట్టిన."

"ముడి ఊడింది సుగుణా. ఎటో కొట్టుకపోయింది."

ఆమె ఏడవలేదు. తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

ఎందుకన్నాను? భయంతోనా? ఎవరికి భయపడ్డాను? పోలీసులు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చింది యాదగిరి. లైబ్రరీ చదివి చదివి కొడుకును ముంచుకున్నాడని వ్యాన్ల వరసలో చెప్పుకునే మాట గుర్తొచ్చింది. కొడుకు శవం ముందు కూర్చుని నేను నా చదువు పరువు కాపాడుకున్నాను. ఇంతకంటే మెత్తగా దీన్ని చెప్పే వాక్యం వెతికాను. దొరకలేదు.

యాదగిరి పరామర్శకు వచ్చాడు. తాను కుట్టించిందేనా అని గేటు దగ్గర మెల్లగా అడిగాడు. ముడి ఊడి జాకెట్ ముందే పోయిందని చెప్పాను. ఆయన ముఖంలో ఏదో సడలింది. నా అబద్ధం ఆయన్నీ నన్నూ ఒడ్డుకు చేర్చింది. బరువంతా ఒక్కమనిషి మీద పడింది.

సుగుణ పనికి వెళ్లడం మానేసింది. కబురు పెట్టినవాళ్లకు చేతులు సరిగా రావడం లేదని చెప్పేది. కొన్నాళ్లకు వాళ్లే కబురు మానేశారు, మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇంట్లో కూడా ఆమె ఏదీ కట్టలేదు. కవిత జడలకు రిబ్బన్లు పక్కగది షహీన్ బీ కట్టేది. పూలు కొంటే కట్టిన మూరే కొనేది. వ్యాను ఓనరుకు అప్పజెప్పి నేను వేరే బండి ఎక్కాను. మళ్లీ ఎక్కడికీ వెళ్లలేదు.

కొన్నేళ్ల తరవాత ఒక ఆదివారం ఆమె తాడు పట్టుకొచ్చింది. నన్ను గోడవైపు తిరిగి కూర్చోమంది. నా ఛాతీ చుట్టూ తాడు తిప్పి వీపు మీద ముడేసింది. లాగమంది. లాగాను. మళ్లీ లాగమంది. గింజుకున్నాను. ముడి కదల్లేదు.

"ఇది ఎట్ల ఊడింది?" అని అడిగింది. నింద లేదు. తెలుసుకోవాలని అడిగింది.

అప్పుడు నిజం చెప్పి ఉండవచ్చు. నా వీపు ఆమె వైపు ఉంది, ముఖం కూడా చూపించనక్కర్లేదు. అంత సులువుగా మళ్లీ ఎప్పుడూ ఉండదని నాకు ఆ క్షణంలోనే తెలుసు.

"నీళ్లల్ల తడిస్తే ముడి వదులైతది. పుస్తకంల చదివిన" అన్నాను.

ఏ పుస్తకంలోనూ లేదు. తడిసిన ముడి బిగుస్తుంది, నా పళ్లకు ఆ సంగతి తెలుసు. ఆమెకూ తెలిసే ఉండాలి, చెమటకు తడిసిన తాళ్లు ఎన్నో విప్పిన మనిషి. అయినా తన చేతులకు తెలిసిందాన్ని పక్కనపెట్టి నేను చదివిందాన్ని నమ్మింది. "అట్లనా" అంది. తాడు విప్పి మడతపెట్టింది. నీళ్లలో చనిపోయిన శీను గుర్తుకొచ్చే దానికంటే ఎక్కువగా ఆ "అట్లనా" నాకు వినిపిస్తుంది. మొదటి అబద్ధం భయంలో చెప్పాను. ఇది తీరిగ్గా, గోడ చూస్తూ చెప్పాను.

తరవాత ఆమెకు జబ్బు చేసింది. నెలలు పట్టింది. ప్రతి రోజూ చెప్పాలనుకున్నాను, ప్రతి రోజూ ఆమె నిద్రపోతోందని సరిపెట్టుకున్నాను. నా మాట నమ్ముతూనే కన్నుమూసింది.

ఫిల్మ్ నగర్‌లో ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి కవితకు అంతా చెప్పాను. తాడు కోసిన సంగతి కూడా. తల్లి అజాగ్రత్త వల్ల తమ్ముడు పోయాడని నమ్ముతూ పెరిగిన పిల్ల అది. తల్లిని ఆ మాట అన్న రోజులు కూడా ఉన్నాయి. నేను వింటూ కూర్చున్న రోజులు. అంతా విని ఒకటే అడిగింది, అమ్మకు చెప్పావా అని. లేదన్నాను. లేచి వెళ్లిపోయింది. ఇప్పుడు అన్నం పెడుతుంది, మాట్లాడదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు.

దీన్ని చదివి ఎవరైనా క్షమిస్తారని రాయలేదు. క్షమించే మనిషి లేదు. ఉన్నా, అడిగే ధైర్యం ఇప్పటికీ ఉండేదికాదేమో. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే. బతికున్న ఒక్కరికి కూడా దీంతో మేలు జరగదని తెలుసు.

పుస్తకాల చివర సాయం చేసినవాళ్ల పేర్లు వేస్తారు. నేనూ వేస్తాను. అడిగిన పుస్తకమల్లా ఓపిగ్గా వెతికిచ్చిన గ్రంథాలయం సులోచనగారికి. తప్పు పుస్తకాలది కాదు. అది నీళ్లకు కాదని ముందే చెప్పిన యాదగిరి అన్నకు. ఆ మధ్యాహ్నం సరుకు దించేసి మమ్మల్ని ఎక్కించుకున్న లారీ డ్రైవర్ బాలయ్యకు. నా బిడ్డ తల దువ్విన షహీన్ బీకి. అడగాల్సిన ఒక్క ప్రశ్న అడిగిన కవితకు.

సుగుణకు. గట్టిగానే కట్టింది.