రేవతి బూట్లు తెచ్చుకోవడానికి షెపర్టన్ వెళ్ళిన రోజు

కిందటి చలికాలంలో మా అమ్మాయి రేవతి పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేరింది, మళ్ళీ ఇంటికి రాలేదు. నేను దేశం కాని దేశంలో, పాయింట్ కుక్ అనే ఊళ్ళో అల్లుడు వంశీ దగ్గరే ఉండిపోయాను, మనవరాలు మేధను చూసుకుంటూ. ఈ ఫిబ్రవరిలో షెపర్టన్ నుంచి అల్లుడికి ఫోన్ వచ్చింది. రేవతి కంపెనీకి అక్కడ పళ్ళు ఏరి, పెట్టెల్లో సర్దే షెడ్డు ఒకటుంది. నెలకోసారైనా అది ఆ షెడ్డుకి వెళ్ళొచ్చేది. దాని బూట్లు అక్కడే ఉండిపోయాయి, పంపించమంటారా అని అడిగారు. పంపొద్దు, నేనే వెళ్ళి తెచ్చుకుంటానన్నాను.

ఎందుకలా అన్నానో చెబుతాను. మా వీధిలో పద్మగారని ఉన్నారు. మంచావిడే, కష్టంలో కూర పట్టుకొచ్చి తినేదాకా కూర్చున్న మనిషి. కానీ వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "వదినా, కెల్లీవిల్‌లో మా చెల్లెలి అత్తగారికీ కొడుకు పోయాడు. ఆరు నెలలకల్లా ఆవిడ మనుషుల్లో పడింది. నువ్వేమో ఇంకా గది దాటి రావు." ఆ మాట విన్న ప్రతిసారీ పరీక్ష తప్పినదానిలా ఉండేది నాకు. ఆ బూట్లు కూడా తెచ్చేసి, బట్టలు పడేసే ఛారిటీ డబ్బాలో వేసేస్తే నేనూ ఒడ్డున పడతానేమో అనుకున్నాను. అందుకే బయలుదేరాను.

మీరెవరైనా ఆ వైపు వెళ్ళాలనుకుంటే దారి కష్టమేం కాదు. అల్లుడు నన్ను పొద్దున్నే విలియమ్స్ ల్యాండింగ్ స్టేషన్లో దింపాడు. అక్కడి నుంచి సిటీలోని పెద్ద స్టేషను సదరన్ క్రాస్‌కి అరగంట పైన పడుతుంది. షెపర్టన్ బండి తొమ్మిది దాటాక ఉంది. కౌంటర్లో కాగితం టికెట్ తీసుకున్నాను, పది పదకొండు డాలర్లలో అయిపోయింది. పెద్దవాళ్ళ కార్డు ఉంటే ఇంకా తక్కువట. రెండున్నర గంటల పైచిలుకు ప్రయాణం. ఊరు దాటాక కిటికీ పక్కన ఎండిపోయిన పచ్చిక, అక్కడక్కడా యూకలిప్టస్ చెట్లు, గొర్రెలు. నగాంబీ స్టేషన్ దాటిన తరువాత పళ్ళతోటలు మొదలయ్యాయి. వడగళ్ళ భయానికి తోటలకు తోటలే తెల్లటి వలలు కప్పి ఉంచారు. మా నూజివీడు వైపు మామిడి తోటలు చూసిన కళ్ళకి అది దోమతెర కట్టుకుని పడుకున్న తోటలా కనబడింది. రేవతి ఈ కిటికీలోంచే ఇవన్నీ చూసి ఉంటుంది. ఏనాడూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

స్టేషన్‌కి కిరణ్ అనే అబ్బాయి కారు తీసుకొచ్చాడు. షెడ్డులో పళ్ళ నాణ్యం చూసే ఉద్యోగం, సొంతూరు కరీంనగర్. నన్ను చూడగానే కళ్ళు దించుకున్నాడు.

"ఆంటీ, తిన్నరా ఏమన్నా?"

"బండిలో రెండు ఇడ్లీ తిన్నాను బాబూ. మీకు చేగోడీలు తెచ్చాను. ఏడాది తిరగలేదు కదా, తీపి చేయలేదు."

"రేవతక్క తెచ్చిన చేగోడీలు మా డెబ్ మేడమ్ డ్రాయర్ల పెట్టి తాళం వేస్తుండె, ఎవరికీ ఇయ్యకుండ," అన్నాడు. అప్పుడు కొంచెం నవ్వాడు.

షెడ్డు ఊరి బయట పావుగంట దూరంలో ఉంది. రేకుల కప్పు, మా ఊరి సినిమా హాలుకి రెండింతలు. పెద్ద తలుపు దగ్గరకి వెళ్ళగానే నాకు తెలియకుండానే చెప్పులు విడిచేశాను. నా పిల్ల తిరిగిన చోటు కదా. లోపలి నుంచి ఒకావిడ గబగబా వచ్చింది. పొట్టి జుట్టు, అరవై ఏళ్ళుంటాయి. ఆవిడే డెబ్, షెడ్డు మొత్తానికి పెద్ద. నా పాదాలు చూసి, చేతులడ్డం పెట్టి ఏదో అంది.

"చెప్పులు విడవొద్దంటుంది ఆంటీ," అన్నాడు కిరణ్. "చెప్పులతోటి కూడ రానియ్యరు. పెట్టెలు మోసే ఫోర్క్‌లిఫ్ట్ బండ్లు తిరుగుతయి. పాదం మొత్తం మూసే బూట్లు ఉండాలె."

చూడవచ్చేవాళ్ళకని ఉంచిన బూట్లు రెండు జతలు తెచ్చారు. పడవల్లా ఉన్నాయి. అప్పుడు డెబ్ లోపలికి వెళ్ళి, బల్ల కింద నుంచి ఇంకో జత తెచ్చి నా ముందు పెట్టింది. గోధుమరంగువి, ముందు భాగంలో ఇనుప రేకు, ఎడమ దాని లేసు చివర ముడి. రేవతి లేసు అలాగే ముడేసేది, స్కూలుకెళ్ళే రోజుల నుంచీ. పదో తరగతికే దాని కాళ్ళు నా అంత అయ్యాయి. నా చెప్పులేసుకుని వెళ్ళిపోయేది, నేను వీధిలోకి ఉత్తకాళ్ళతో వచ్చి కేకలేసేదాన్ని. బెంచీ మీద కూర్చుని ఆ బూట్లు తొడుక్కున్నాను. సరిపోయాయి. కిరణ్ అటు తిరిగి నిలబడ్డాడు.

లోపల బేరీపళ్ళ కాలం. పళ్ళు నీళ్ళలో తేలుతూ వచ్చి, బెల్టు మీద ఎక్కి, సైజు ప్రకారం విడిపోతున్నాయి. అక్కడ పని చేసేవాళ్ళంతా నా కాళ్ళ వైపు ఒకసారి, నా ముఖం వైపు ఒకసారి చూశారు. నేను కిరణ్‌ని అడిగాను, ఇక్కడ మా అమ్మాయి ఏం చేసేదని. షెడ్ల పని పోల్చి చూస్తానమ్మా అని అది అంటే, పోల్చడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వేదాన్నని కూడా చెప్పాను.

"ఉద్యోగమే ఆంటీ," అన్నాడు. "పళ్ళ కంపెనీలన్నీ వాటి లెక్కలు ఒక దగ్గర ఇస్తయి. కాయ కోసిన కాడికెళ్ళి చల్లటి గదిల పెట్టేదాకా ఎంతసేపైంది, దుకాణం నుంచి ఎన్ని పెట్టెలు వాపస్ వచ్చినయి, అట్ల. ఎవరి పేరు ఎవరికీ చెప్పరు. మనమెక్కడున్నమో మాత్రం చెప్తరు. అందులో మనది ఆఖరికొచ్చింది. హెడ్ ఆఫీసోళ్ళు షెడ్డు బంద్ పెడదామన్నరు."

"మరి?"

"అక్క వచ్చి పొద్దుందాక ఇక్కడనే నిలబడ్డది. మిగతావాళ్ళు కాయ షెడ్డు గేటు కాడికొచ్చినంక గడియారం మొదలువెడుతున్నరేమో అడగుండ్రి అన్నది. అడిగితే అదే నిజం. మనం చెట్టు కాడ తెంపినప్పటి నుంచి లెక్క వెడుతున్నం. ఎండల గంటలు గంటలు. అవన్నీ మన మీద పడ్డయి. అందరికీ ఒక్క తాన నుంచే లెక్క కట్టి చూస్తే మనం నడుమ ఉన్నం. ఫస్ట్ కాదు ఆంటీ, నడుమ."

డెబ్ పక్కనుంచి ఏదో అంది. కిరణ్ నవ్వాడు. "లారీలను వాకిట్ల నిలబెడుతున్నరని అక్క ఈమెను గట్టిగనే అన్నదట. అది మాత్రం నిజంగ మన తప్పే, గడియారం మీద తొయ్యొద్దన్నదట. వారం రోజులు అక్కతోటి మాట్లాడలేదట ఈమె."

డెబ్ నా వైపు చూసి, మెల్లగా, నాకర్థమయ్యే ఇంగ్లీషులో అంది, ఆ బూట్లు తీసి సర్దేయాలని చాలాసార్లు అనుకున్నానని, చేతులు రాలేదని. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం బెల్టు పక్కన అలాగే నిలబడ్డాం, పళ్ళు పోతూనే ఉన్నాయి.

భోజనాల గదిలో టీ ఇచ్చారు. చేగోడీల డబ్బా డెబ్ ముందు పెడితే, మూత తీసి చూసి, గబుక్కున తన ఒళ్ళోకి లాక్కుంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

సాయంత్రం బండికి బయలుదేరేటప్పుడు డెబ్ బూట్లు పెట్టుకోవడానికని ఒక అట్టపెట్టె తెచ్చింది. నేను అందులో నా చెప్పులు పెట్టుకున్నాను. విలియమ్స్ ల్యాండింగ్‌లో దిగేసరికి చీకటి పడింది. అల్లుడు నా కాళ్ళు చూశాడు, పెట్టె అందుకున్నాడు. కారులో మేధ వెనక సీటు నుంచి వంగి చూసి, "అమ్మమ్మా, ఆర్ దే హెవీ?" అంది. కొంచెం, అన్నాను.

నేను చదువుకున్నదాన్ని కాదు, ఆ లెక్కలన్నీ నాకు పూర్తిగా తెలిశాయని చెప్పను. కానీ ఆ రోజు బండిలో ఒకటి అనుకున్నాను. పద్మగారు నన్నెవరితో పోల్చినా, ఆ తల్లి గడియారం ఎక్కడ మొదలైందో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. నాది రేవతి కడుపులో పడ్డ రోజున మొదలైంది. ఆరు నెలలకు అయిపోయేది కాదు. మర్నాడు పద్మగారొస్తే ఈ మాట చెప్పలేదు, ఆవిడ మనసు నొచ్చుకుంటుంది. గది దాటి వచ్చి, టీ పెట్టి ఇచ్చాను. గుమ్మం పక్కన బూట్లు చూసి ఆవిడ కెల్లీవిల్ మాట ఎత్తలేదు. ఛారిటీ డబ్బా మా వీధి చివరే ఉంది. ఉండనీ.

ఆ వైపు పళ్ళ షెడ్లు చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. ముందుగా ఫోన్ చేసి అడగండి, పాదం మొత్తం మూసే గట్టి బూట్లు మీవి మీరే వేసుకుని వెళ్ళండి. అక్కడ ఇచ్చేవి అందరికీ సరిపోవు.