రేపు చూడాల్సిన సగం సినిమా

హోసూరులో మా నాయన కాలం నాటి టాకీసును ఇన్నాళ్లూ నేనే నడుపుతా వచ్చినాను. ఈ సినిమా కూడా ఆడకపోతే కల్యాణమండపం చేసేస్తానని మా అన్న తెగేసి చెప్పినాడు. యుద్ధకాలంలో శత్రుసైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టే ఒక దళం కథ ఇది, ఫైట్లూ నవ్వులూ కలిపి తీసినారు.

ఈ పొద్దు మ్యాట్నీలో ముందు వరసలు కూడా నిండలేదు. ఇంటర్వెల్‌లో టీ అంగడి కాడ నిలబడి, కనబడినోళ్లనంతా ఎట్లుందని బతిమాలినట్టు అడిగినాను. "మనుషులు చస్తా ఉంటే కామెడీ ఏందమ్మా?" అన్నాడు ఒకాయన. "నవ్వొచ్చే లోపల బాంబు పేలుతుంది" అనింది ఒకామె. ఇంక నా వల్ల కాలేదు. రేపట్నించి షోలు వద్దులే అని ఆడనే ఫోన్‌లో అన్నకు ఒప్పేసుకున్నాను.

అప్పుడే పక్కనుండే అంచెట్టి ఊరి పెద్దాయన ఒకాయన బస్సుకని గబగబా బయటికొచ్చినాడు. అంచెట్టోళ్లు వాళ్ల ఊరి బస్సు కోసం ఇంటర్వెల్‌కే లేచిపోతే, మిగతా సగం మర్నాడు టికెట్ లేకుండా చూడొచ్చు. మా నాయన పెట్టిన వాడుక అది.

"ఎట్లుందప్పా?" అన్నాను.

"కడుపు నొప్పి పుట్టేట్టు నవ్వినానమ్మా! పాపం, ఆ దళం పిల్లోళ్లను గోడౌన్‌లో పెట్టి బీగం వేసేసినారే. రేపు నేనొచ్చేదాకా వాళ్లను చంపొద్దని చెప్పు."

"సరేప్పా" అనేసినాను.

ఆయన నవ్వుకుంటా బస్సెక్కి పోయినాడు. ఇంటర్వెలంతా అందర్నీ అభిప్రాయం అడిగినాను కదా, మీరూ ఒకటి చెప్పండి. రేపు మా గేటుకు కూడా బీగమే. ఆయనకు ఏమని చెప్పేది?