వెళ్ళాలని లేని నడక

మా అక్కకి యాభై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, ఒళ్ళు, మెట్లెక్కితే ఆయాసం. అయినా ప్రతి వారం టీవీలో పందొమ్మిదేళ్ళ పిల్లలా చెంగుచెంగున పరిగెత్తేది. కాలేజీలో చదువుకుంటూ, మధ్యమధ్యలో దొంగల్నీ హంతకుల్నీ పట్టుకునే ఒక అమ్మాయి కథ ఆ సీరియల్. తెర మీద కనిపించేది ఎవరో నటి. వినిపించే కాళ్ళు మాత్రం మా అక్కవి. షూటింగులో అడుగుల చప్పుడు సరిగ్గా పడదు. అందుకని తర్వాత స్టూడియోలో బొమ్మ చూస్తూ ఎవరో ఒకరు నడవాలి. ఆ ఎవరో ఒకరి పేరు ఎపిసోడ్ చివర చీమంత అక్షరాల్లో వచ్చి మాయమవుతుంది. అక్క ఏనాడూ దాన్ని పూర్తిగా చదవలేకపోయింది. తన కాళ్ళకంటే తన పేరుకే వేగం ఎక్కువని నవ్వేది.

స్టూడియోలో అందరూ ఆమెని నడకలమ్మ అనేవారు. మా బావ చప్పుళ్ళాయన. తలుపులు, తాళాలు, చెంపదెబ్బలు, పగిలే గ్లాసులు ఆయన శాఖ. మగవాళ్ళ నడకలూ ఆయనవే. నేను అద్దానికి ఇవతల కూర్చుని రికార్డు చేసేవాణ్ణి. ఏళ్ళ తరబడి ముగ్గురం ఒకే గదిలో పనిచేశాం కాబట్టి ఇంట్లో మొదలైన గొడవలు కూడా అక్కడికొచ్చే తేలేవి. ఒకసారి విలన్‌కి పడాల్సిన చెంపదెబ్బ కోసం బావ తన తొడ మీద తనే చరుచుకుంటుంటే, అక్క పక్కనుంచి, "ఇలా తిరగండి, నేను కొడతాను, సహజంగా ఉంటుంది" అంది. ఆ రోజు నవ్వు ఆగక పని సగంలో ఆపేశాం.

బావ పాదాలు మరీ చిన్నవి. ఆయనవీ అక్కవీ ఒకటే సైజు. పొద్దున్నే హడావిడిలో ఒకరి చెప్పులు ఒకరు వేసుకొచ్చేసి, స్టూడియో గుమ్మంలో విప్పేటప్పుడు నాలుక కరుచుకునేవాళ్ళు. దాని మీద నేను వేసిన జోకులకి లెక్కలేదు. బావమరిదికి ఆ మాత్రం హక్కు లేకపోతే ఎలా?

ఆ గదిలో పెద్ద ఆర్భాటమేమీ లేదు. ఎదురుగా తెర, నేల మీద చెక్క పలకలు, ఒక రాతి బండ, తొట్టెలో గులకరాళ్ళు. కాలేజీ వరండాకి బండ, హాస్టలు మెట్లకి పలకలు, ఆట స్థలానికి గులకరాళ్ళు. నడవడం అంటే ఎక్కడికీ పోవడం కాదు, ఉన్నచోటే అడుగు మీద అడుగు వెయ్యడం. ఆ అమ్మాయి కోసం అక్క దగ్గర మడమ అరిగిన బూట్ల జత ఒకటి ఉండేది. వాటిని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

బొమ్మ మొదలవగానే అక్క మెల్లిగా "పద" అనేది. ఇద్దరూ కలిసి నడవాల్సిన సీన్లలో ఒకేసారి కదలడానికి మొదలైన అలవాటది. తర్వాత తనొక్కతే నడిచినా, బావ ఒక్కడే నడిచినా, ఆ మాట పడాల్సిందే. ఒక్కదానివే నడుస్తూ ఎవర్ని పదమంటున్నావని బావ వెక్కిరిస్తే, తన కాళ్ళకి చెప్పుకుంటున్నానని జవాబిచ్చేది. రికార్డులో పడ్డ ఆ "పద"లన్నీ కోసిపారెయ్యడం నా పని. విసుక్కుంటూ కోసేవాణ్ణి. సీను అయిపోయాక ఇంకో మాట ఉండేదని బావ చెప్పేవాడు, "చాలు" అని. అది మాత్రం నాకెప్పుడూ వినపడలేదు. బొమ్మ ఆగగానే యంత్రం దానంతట అదే ఆగిపోతుంది, మైకు మూసుకుపోతుంది. అద్దం లోంచి అక్క పెదవులు కదలడం, వెంటనే బావ కాళ్ళు ఆగడం మాత్రమే కనిపించేవి.

ఇప్పుడు ఆ ఎపిసోడ్ సంగతి. కాలేజీలో పరీక్ష పేపర్లు ముందే బయటికి పోతుంటాయి. గుమాస్తాని అనుమానిస్తారు, పాపం ఆయన ఉద్యోగం పోతుంది. అమ్మాయి కూపీ లాగుతుంది. అంతా తేలేసరికి దొంగ ఇంకెవరో కాదు, ఆమెకి చదువంటే ఇష్టం పుట్టించిన లెక్చరరు. చివర్లో ఆయన గదికి వెళ్ళి ఆ మాట మొహం మీద చెప్పాలి. ఖాళీ వరండా, సాయంత్రపు వెలుతురు, అటు చివర మూసిన తలుపు. మాటల్లేవు, సంగీతం లేదు. అమ్మాయి నడిచి వెళ్ళి, తట్టడానికి చెయ్యెత్తుతుంది, అంతే. డైరెక్టరుగారు ఆ సీనంతా అడుగుల మీదే వదిలేశారు.

అక్క మిగతా సీన్లన్నీ పూర్తిచేసి, దీన్ని చివరికి అట్టేపెట్టుకుంది. బొమ్మని మళ్ళీ మళ్ళీ వేయించుకు చూసింది. "ఇది వెళ్ళాలని లేని నడకరా. కాళ్ళు ముందుకి పోతుంటాయి, మనిషి వెనకే ఉండిపోతుంది" అంది. బండ మీద కాసేపు అడుగులు వేసి చూసి, ఇవాళ కాళ్ళు మాట వినడం లేదు, రేపు చేద్దామని బూట్లు విప్పి గోడవార పెట్టింది. తెల్లారేసరికి అక్క లేదు. నిద్రలోనే పోయింది. పక్కనే పడుకున్న బావకి కూడా తెలియలేదు. ఎంత నొప్పి వచ్చిందో, ఎవర్ని పిలవాలనుకుందో, ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

జరగాల్సినవన్నీ జరిగాక డైరెక్టరుగారు ఇంటికొచ్చారు. ఆయన చెడ్డవాడు కాదు, టీవీవాడు. విషయం చెప్పారు. ప్రసారం వాయిదా వెయ్యడం ఇక కుదరదు. ఆ ఒక్క నడకకి ఎప్పుడో రికార్డు చేసిపెట్టిన రెడీమేడ్ చప్పుళ్ళు వేస్తే మిగతావాటితో కలవదు, వినేవాళ్ళకి తేడా కొట్టొచ్చినట్టు తెలిసిపోతుంది. అందుకని అమ్మాయి అడుగులన్నీ మొదట్నించీ తీసేసి, ఎపిసోడ్ మొత్తానికి రెడీమేడువే వేసేస్తారట. అంటే అక్క చేసిన ఆఖరి పని చెత్తబుట్టలోకి పోతుంది.

బావ గోడకి ఆనుకుని కూర్చుని వింటున్నాడు. ఇక్కడికొచ్చేసరికి, "దాని అడుగులు తీసెయ్యకండి. ఆ మిగిలింది నేను నడుస్తాను" అన్నాడు.

డైరెక్టరుగారు నా వంక చూశారు. నాకూ నమ్మకం లేదు. కానీ ఆ మొహం చూశాక కాదనడానికి ఎవరికైనా నోరెలా వస్తుంది?

మర్నాడు బావ నేరుగా స్టూడియో లోపలికి పోయి, గోడవార ఉన్న బూట్లు తీసుకున్నాడు. వాటిని చేత్తో తుడిచాడు. దుమ్మేమీ లేదు, అయినా తుడిచాడు. సరిగ్గా సరిపోయాయి. నాకు చప్పున పాత జోకులన్నీ గుర్తొచ్చి, తల తిప్పుకున్నాను.

బొమ్మ వేశాను. తెర మీద అమ్మాయి నడిచి వెళ్ళిపోయింది. బావ బండ మీద బిగుసుకుపోయి నిలబడ్డాడు, ఒక్క అడుగు వెయ్యలేదు. మళ్ళీ వేశాను. ఈసారి కదిలాడు గానీ ఆలస్యంగా, అమ్మాయి ఒకచోట, అడుగులు ఒకచోట. మూడోసారీ అంతే. తొడ మీద చెంపదెబ్బలు కొట్టి ఊరంతటినీ నమ్మించిన మనిషి, నడక నేర్చుకునే పసిపిల్లాడిలా తడబడుతున్నాడు. నా పక్కన కూర్చున్న డైరెక్టరుగారు గట్టిగా నిట్టూర్చారు. నాకు ఒళ్ళు మండింది, ఆయన మీదో బావ మీదో చచ్చిపోయిన అక్క మీదో తెలియలేదు.

లోపలికెళ్ళి ఏమైందని అడిగాను. "నడక తెలుసయ్యా. రాత్రంతా ఇంట్లో నడిచి చూసుకున్నాను. ఇక్కడ కాళ్ళు కదలడం లేదు" అన్నాడు.

ఇంకోసారి వేసి, ఈసారి తెర మానేసి ఆయన్నే చూశాను. బొమ్మ మొదలవగానే బావ తల కొంచెం ఎడమకి తిరిగింది. అక్క నిలబడే వైపు. ఏదో వినపడాల్సి ఉన్నట్టు ఆగాడు. ఇన్నేళ్ళుగా ఆ మాట పడితేనే ఆ కాళ్ళు కదిలాయి మరి.

పాత ఎపిసోడ్లలో పడ్డ ఆ మాటలన్నీ నేనే కోసి పారేశాను, ఒక్కటి మిగల్లేదు. ఈ ఎపిసోడ్‌వి ఇంకా కొయ్యలేదు. హాస్టలు మెట్లు దిగే సీను ముందున్నది వెతికి పట్టుకున్నాను. బావని హెడ్‌ఫోన్లు పెట్టుకోమన్నాను. ఎందుకో చెప్పలేదు. బొమ్మ మొదలుపెడుతూనే దాన్ని ఆయన చెవిలో వేశాను.

"పద" అంది అక్క.

బావ ఒళ్ళంతా ఒక్కసారి కదిలింది. ఆ వెంటనే కాళ్ళు కదిలాయి. మొదట గబగబా రెండు మూడు అడుగులు, ధైర్యం కూడగట్టుకున్నట్టు. తెర మీద అమ్మాయి వరండాలో నోటీసు బోర్డు దాటేచోట నెమ్మదించాయి. తర్వాత ఒక్కో అడుగూ ఆగి, ఆలోచించి, తప్పదు కాబట్టి పడుతోంది. మడమ ముందు ఆనుతోంది, వేళ్ళు మాత్రం వెనక్కి లాగుతున్నాయి. అచ్చం అక్క చెప్పిన నడక. తలుపు ముందు చివరి అడుగు వేసి, రెండో కాలు దాని పక్కకి చేర్చేసరికి నాకు కళ్ళు కనపడలేదు. డైరెక్టరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, నడకలమ్మ అడుగులు ఒక్కటి కూడా తియ్యం, ఉంటాయి అన్నారు.

యంత్రం ఆగింది. మైకు మూసుకుపోయింది. తెర మీద అమ్మాయి చెయ్యెత్తి అలాగే ఉండిపోయింది.

బావ ఆగలేదు.

అద్దం అవతల చప్పుడు లేకుండా ఆ బూట్లు కదులుతూనే ఉన్నాయి. అయిపోయింది బావా, చాలు అని హెడ్‌ఫోన్లలోకే చెప్పాను. వినపడిందని మొహంలో తెలిసింది, అయినా ఆగలేదు. తలుపు తోసుకుని లోపలికెళ్ళాను. లోపల ఆ అడుగులు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

బావ తెర మీంచి చూపు తిప్పకుండానే, నడుస్తూనే అన్నాడు. "నువ్వు కాదయ్యా. మీ అక్క చాలంటుందిగా, అది కూడా వెయ్యి."

ఇన్నేళ్ళూ ఆ మాట మైకు మూసుకుపోయాకే వచ్చింది. ఎక్కడా పడలేదు.

"అది లేదు బావా" అన్నాను.

అర్థమైందన్నట్టు తలూపాడు. అక్క బూట్లలో, ఆ బండ మీద, నడుస్తూనే ఉన్నాడు.