ఎవరూ నవ్వని కార్టూన్లు

ఐర్లండ్‌లోని పోర్ట్‌లీష్‌లో మేమున్న అద్దె ఇంటి ముందు కారు ఉండేది. తాళం చెవి నా దగ్గరే ఉండేది. అయినా నేను ఒక్కదాన్నే దాన్ని రోడ్డెక్కించడానికి వీల్లేదు. గుంటూరులో తీసుకున్న లైసెన్సు ఇక్కడ చెల్లలేదు. లెర్నర్ పర్మిట్ మీద నడపాలంటే పక్క సీట్లో పూర్తి లైసెన్సున్న మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి మా ఆయన. ఆస్పత్రిలో డాక్టరు, నడుచుకుంటూ డ్యూటీకి వెళ్లేవాడు, డ్యూటీ లేనప్పుడు నిద్రపోయేవాడు. డ్రైవింగ్ టెస్టుకి నెలల తరబడి వెయిటింగ్. నేను కిటికీ దగ్గర నిలబడి వానలో తడుస్తున్న కారుని చూసేదాన్ని.

ఆ రోజుల్లో నాకు తోడు జపాన్ కార్టూన్లు. అనిమే అనగానే చాలామంది కత్తియుద్ధాలు అనుకుంటారు. నాకిష్టమైనవి అవి కావు, తలాతోకా లేని కామెడీలు. ఒకదాంట్లో ఒక ఆఫీసు ఉంటుంది. మేనేజరు ఒక ఫ్రిజ్. మాట్లాడదు, కదలదు, మామూలు ఫ్రిజ్. ఉద్యోగులు ఫైళ్లు పట్టుకొచ్చి వంగి నమస్కారం పెడతారు. తలుపు తీసి చూసి, "సార్‌కి నచ్చలేదు" అంటూ దిగులుగా వెళ్లిపోతారు. అందులో ఎవరికీ అది వింతగా ఉండదు. సోఫాలో కూర్చుని పడీ పడీ నవ్వేదాన్ని. నవ్వు ఆగాక ఇల్లు అంతకుముందుకన్నా నిశ్శబ్దంగా ఉండేది.

ఊళ్లో మన తెలుగు కుటుంబాలు నాలుగైదు. శనివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరింట్లో భోజనాలు. మాటలు ఎప్పుడూ అవే: ఇళ్ల లీజులు, స్కూలు సీట్లు, ఏ షాపులో మంచి కరివేపాకు దొరుకుతుందో. ఒక శనివారం మా ఇంట్లో ఎవరో అడిగారు, "ఏదైనా నవ్వుకునేది పెట్టరాదూ" అని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫ్రిజ్ మేనేజరుని పెట్టాను.

ఐదు నిమిషాలు ఎవరూ నవ్వలేదు. మధ్యలో ఆపి, "అంటే ఇక్కడ జోకేంటంటే, అది ఫ్రిజ్ అని ఎవరూ అనరన్నమాట" అని వివరించాను. ఒకావిడ జాలిగా, "పిల్లల కోసమా ఇది?" అంది. మాకు పిల్లల్లేరు. మా ఆయన రిమోట్ తీసుకుని పాటలు పెట్టాడు. వాళ్లంతా వెళ్లాక, "నీకు ఇదంతా అవసరమా?" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. వంటగదిలోకి వెళ్లి గిన్నెలు తోముతూ ఏడ్చాను.

మూడు రోజుల తర్వాత ఫోనొచ్చింది. ఆ శనివారం మూల కుర్చీలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడని అంకుల్. వరంగల్ ఆయన, యాభై దాటాయి, మా ఆయన పనిచేసే ఆస్పత్రిలోనే సర్జన్. ఏళ్లుగా అదే రిజిస్ట్రార్ పోస్టు, కన్సల్టెంట్లనే పెద్ద డాక్టర్ల కింద పని. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు కన్సల్టెంట్లయి వెళ్లిపోయారు.

"ఏం బిడ్డా, మొన్న చూపెట్టినవు గదా, గా ఫ్రిజ్ సారు. ఏడ దొరుకుతది అది?"

"మీకు నచ్చిందా అంకుల్?"

"నచ్చుడేంది! మూడు రోజుల సంది రౌండ్స్‌ల గుడ నవ్వొస్తున్నది."

మాటల్లో నా డ్రైవింగ్ సంగతి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు ఆయనకి ఖాళీ, పూర్తి లైసెన్సు వచ్చి ఏళ్లయింది. అలా మొదలైంది. నేను నడిపేదాన్ని, ఆయన పక్కన కూర్చుని ఆ వారం చూసింది చెప్పేవాడు. ఇలాంటివి ఎదుటి మనిషికి ఎలా ఇవ్వాలో ఆ ప్రయాణాల్లోనే నేర్చుకున్నాను. భలే నవ్వొస్తుందని ముందే ఊరించకూడదు. వివరించకూడదు. గుంపులో పెట్టకూడదు, ఎందుకంటే అందరూ పక్కవాడు నవ్వాడా లేదా అని చూస్తారు. ఆయన ఓపిగ్గా, సీరియస్‌గా చూసే మనిషి గనుక, నెమ్మదిగా నడిచేవే ఏరి చెప్పేదాన్ని. బస్టాపులో ఒక మర్యాదస్తుడు వచ్చిన ప్రతి బస్సూ ఇంకొకరికి వదిలేసే సిరీస్ ఆయనకి ప్రాణం.

ఒకసారి పెద్ద రౌండబౌట్‌లో లేన్ మారడానికి భయపడి మూడుసార్లు చుట్టూ తిరిగాను. అంకుల్ నిబ్బరంగా కూర్చుని, "ఏం గాదు, ఊరు మంచిగున్నది. ఇంకోపాలి సూద్దాం" అన్నాడు. నవ్వాపుకోలేక ఎలాగో బయటపడి, సూపర్‌మార్కెట్ కార్‌పార్కులో ఆపాను. ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. నేను ఆగాను. ఆయన ఆగలేదు. కాసేపటికి అది నవ్వు కాదని తెలిసింది.

వాన అద్దాల మీద కారుతోంది. ఏం చెయ్యాలో తోచక వైపర్లు వేశాను.

"మొన్న గుడ రాలే బిడ్డా, కన్సల్టెంట్ పోస్టు," అన్నాడు చివరికి. "నాలుగోసారి. ఇంటర్వ్యూల ముగ్గురు కూసున్నరు. మర్యాదగ మాట్లాడిన్రు. నేను చెప్తనే ఉన్న, వాళ్లు సూస్తనే ఉన్నరు. మీ ఆంటీకి ఇంక చెప్పలే."

నేను ఓదార్చలేదు. "ఇంటికి వెళ్దామా అంకుల్?" అంటే, "ఇంకొంచెం ఆగుదం" అన్నాడు. అరగంట అలాగే కూర్చున్నాం. ఎక్కడికైనా వెళ్లగలిగిన కారులో, ఎక్కడికీ వెళ్లకుండా.

తర్వాత నెలన్నరకి ఆయనకి గంటల ప్రయాణం దూరంలో ఉన్న లెటర్‌కెన్నీలో ఉద్యోగం వచ్చింది. అదీ కన్సల్టెంట్ పోస్టు కాదు, కానీ చోటు మారితే మనసు కాస్త తేలికపడుతుందని ఒప్పుకున్నాడు. నేను మనస్ఫూర్తిగానే సంతోషించాను. ఆ మాట చెప్పి ఆయన వెళ్లి, తలుపు వేసుకున్నాకే, ఆదివారాలు పోయాయని గుర్తొచ్చింది. ప్రాక్టీసు లేకుండా టెస్టుకి వెళ్లి ఫెయిలయ్యాను. ఎగ్జామినర్ కాగితం చేతికిచ్చి, "యూ విల్ బి గ్రాండ్ నెక్స్ట్ టైమ్" అంది, వచ్చేసారి బాగానే చేస్తావులే అన్నట్టు. మళ్లీ క్యూలో చివరికి.

కిందటి వారం ఆంటీ ఫోన్ చేసింది. ఆమెతో నేను వంటల గురించి తప్ప ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఈడ వానలు, గాలి, మనోళ్లు గుడ దగ్గర లేరు. మీ అంకుల్ ఒక్కడే కూసొని నవ్వుతుండు. నాకు గుడ ఒకటి చెప్పరాదూ."

ఏది చెప్పాలో వెంటనే తోచలేదు. "ఆంటీ, మీకు దేనికి నవ్వొస్తుంది?" అని అడిగాను.

"ఎవ్వరు అడగలే నన్ను గీ మాట," అంది. ఆ తర్వాత, చెప్పొచ్చో లేదో అన్నట్టు గొంతు తగ్గించింది. కొన్నేళ్ల కిందట వాళ్ల అత్తగారి సంవత్సరీకానికి హైదరాబాదు పంతులుగారు వీడియో కాల్‌లో మంత్రాలు చదివారట. మధ్యలో తెర బిగుసుకుపోయింది. ఆయన నోరు తెరుచుకుని ఆగిపోయాడు. కాల్ కట్ చేస్తే అపచారమని, అంకుల్, ఆంటీ, కూతురు చేతులు జోడించి పావుగంట అలాగే కూర్చున్నారట.

"పాపం, ఏడ్వాల్సిన రోజు గదా. నాకేమో పొట్టల నవ్వు. కొంగు నోట్లె కుక్కుకున్న బిడ్డా!" అని, ఇన్నేళ్లకి పైకి నవ్వింది.

అప్పుడు తెలిసింది ఏది చెప్పాలో. ఫ్రిజ్‌కి నమస్కారాలు పెట్టేదాని పేరు చెప్పాను. పెన్ను వెతుక్కుని, ఒక్కో అక్షరం పలికించుకుని రాసుకుంది.