మలాజ్ గదిలో భోజన్న రాజ్యం

రియాద్ మలాజ్‌లో ఒక పాత బిల్డింగు. అందులో ఒక గదిలో అయిదుగురు జగిత్యాల వాళ్ళు. అందరికంటే పాతకాపు తాపీమేస్త్రి భోజన్న. సౌదీవాళ్ళకే ముందు కొలువులనే నితాఖత్ వచ్చి, పరాయి కూలీల మీద లెవీలు పెరిగి, ఎప్పుడు ఎవరికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతారో తెలియని రోజులవి. పగలంతా వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ముందు చేతులు కట్టుకుని నిలబడే భోజన్న, గదిలోకి రాగానే మహారాజైపోయేవాడు. ఏసీ రిమోట్ ఆయన లుంగీ మడతలోనే కాపురం ఉండేది. వంట చెడగొట్టినవాడికి శుక్రవారం మటన్ బంద్, పడక వరండాలో. అది ఆయన శాసనం.

ఒకసారి భూమేష్ చారులో ఉప్పు రెండుసార్లు వేశాడు. పాపం, పరుపు చంకన పెట్టుకుని వరండాలోకి పోయాడు. డిగ్రీలో చరిత్ర తప్పిన ఉదయకిరణ్‌కు కడుపు మండింది. మర్నాడు భోజన్న స్నానానికి పోయినప్పుడు ఉల్లిగడ్డలు కోస్తూ మొదలుపెట్టాడు.

“ఎన్కట ఇంగ్లాండ్ల జాన్ అని ఓ రాజుండె. ఇష్టమొచ్చినట్టు పన్నులేసుడు, మనుషుల జైల్ల దోసుడు. దొరలంత కలిసి నది పక్కన గడ్డిమైదానంల ఆయన్ని నిలదీసిన్రు. తోటోళ్ళ తీర్పో, దేశం చట్టమో లేకుండ ఎవ్వల్ని జైల్ల ఎయ్యనని ముద్దర ఏయించుకున్నరు.”

“మనకు మైదానం ఏడిదిరా?” అన్నాడు మల్లేశం.

“మటనుంది గద.”

శుక్రవారం మటన్ కడిగి పెట్టారు. భోజన్న మాటిస్తే తప్ప పొయ్యి వెలగదన్నారు. ఆయన రొట్టెల పిండి పిసుకుతూ బింకంగా కూర్చున్నాడు. పచ్చిమాంసం ఎదురుగా ఉంటే బింకం ఎంతసేపు? చివరికి ఆ పిండిచేతినే వంటగది తలుపు మీద అద్దాడు. అదే రాజముద్ర. రిమోట్ అందరికీ అందేలా గోడ మేకుకెక్కింది. అందరూ కూర్చుని తీర్పు చెప్పనిదే ఇక ఎవరి పరుపూ గది దాటదు.

మరుసటి శుక్రవారం వంట వంతు భోజన్నది. ఫోన్‌లో భార్య గౌరవ్వతో పసుపు చేను ముచ్చట్లలో పడి మటన్ మాడబెట్టాడు. ఎవరూ ఏమీ అనకముందే తలొంచుకుని, పరుపు చుట్టి, వరండా దారి పట్టాడు. భూమేష్ అడ్డం నిలబడ్డాడు.

“యాడికే భోజన్నా? మేం తీర్పు జెప్పలె గద.”

నలుగురూ తలుపు మీద ఎండిన ఆ పిండిచేతి ముద్ర కింద బాసింపట్లు వేసుకుని, లేని గడ్డాలు నిమురుకున్నారు. ఉదయకిరణ్ గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు. మాడిన ముక్కలు అందరూ సమానంగా తినాలి, పరుపు ఎక్కడిదక్కడే ఉండాలి.

భోజన్న కంచం ముందు కూర్చున్నాడు. రేపు ఆఫీసువాళ్ళు ఎగ్జిట్ కొడితే ఎందుకని అడిగేవాడు లేడు. ఈ గదిలోంచి మాత్రం వీళ్ళను అడగకుండా తనను ఎవరూ వెళ్ళగొట్టలేరు. ఆయనకు ఏడుపు ఆగలేదు.

“కారం ఎక్కువైంది,” అన్నాడు.

“నువ్వు కారమే ఎయ్యలేదే,” అన్నాడు భూమేష్, ఇంకో మాడిన ముక్క ఆయన కంచంలో వేస్తూ.